స్కాన్ అయిపోయింది, రిపోర్ట్ ఎప్పుడు?

సభకు నమస్కారం.

1971 అక్టోబర్ 1న లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. అంతకు ముందు ఏ రోగికీ అలాంటి పరీక్ష జరగలేదు. ఆ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజినీరు. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎమ్మారైకి నోబెల్ అందుకున్న పీటర్ మాన్స్‌ఫీల్డ్ పనిచేసిందీ బ్రిటన్‌లోనే, నాటింగ్‌హామ్‌లో. స్కానర్లకు పుట్టిల్లు లాంటి ఆ బ్రిటన్‌లో ఇవాళ స్కాన్‌ని చదివి రిపోర్ట్ రాసే డాక్టర్లు, అంటే రేడియాలజిస్టులు, చాలడం లేదు. రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ 2023 లెక్కల ప్రకారం అవసరానికి 30 శాతం మంది రేడియాలజిస్టులు తక్కువ. ఇలాగే సాగితే 2028కి ఆ లోటు 40 శాతమవుతుందని అంచనా.

అక్కడి ప్రభుత్వ వైద్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2020లో ఎన్‌హెచ్‌ఎస్ కోరగా డాక్టర్ మైక్ రిచర్డ్స్ ఇచ్చిన నివేదిక సీటీ సామర్థ్యాన్ని ఐదేళ్లలో రెట్టింపు చేయమంది. 2,000 మంది రేడియాలజిస్టులు, మిషన్ నడిపే రేడియోగ్రాఫర్లు 4,000 మంది అదనంగా కావాలనీ అదే నివేదిక చెప్పింది. మరుసటి ఏడాది 230 కోట్ల పౌండ్లు కేటాయించారు. ఆస్పత్రులకు బయట, జనానికి దగ్గరగా పరీక్షా కేంద్రాలు వెలిశాయి. ఇంగ్లండ్‌లో అవిప్పుడు 160 దాటాయి. భవనాలు లేచాయి, మిషన్లు వచ్చాయి. మనుషులు మాత్రం అంత తొందరగా రారు. మెడిసిన్ పూర్తయ్యాక రెండేళ్లు ఫౌండేషన్ అనే ప్రాథమిక శిక్షణ, ఆపైన ఐదేళ్లు రేడియాలజీ శిక్షణ. ఇవాళ సీటు పెంచితే ఫలం చేతికొచ్చేసరికి ప్రభుత్వమే మారిపోవచ్చు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఎమ్మారై తీసే సమయం బాగా తగ్గుతోంది. సంతోషించాల్సిందే. కానీ స్కాన్లు పెరిగితే రిపోర్టులూ పెరుగుతాయి. స్కానర్ గది బయట క్యూ కరుగుతుంది, చదివేవాళ్ల కంప్యూటర్‌లో క్యూ పెరుగుతుంది. రెండోది ఎవరికీ కనబడదు. ఇంగ్లండ్‌లో నూటికి 99 మందికి ఆరు వారాల్లోగా పరీక్ష జరగాలన్నది ప్రమాణం. అది ఏళ్ల తరబడి నెరవేరడం లేదనుకోండి, అది వేరే సంగతి. ఆ ఆరు వారాల గడియారం పరీక్ష జరగగానే ఆగిపోతుంది. రిపోర్ట్ కోసం రోగి పడే టెన్షన్ ఆ లెక్కలోకి రాదు. రిపోర్టులకు 2023లో విడిగా గడువులు పెట్టారు గానీ, పేపర్లకెక్కేది ఆరు వారాల లెక్కే.

మరి ఏఐ ఉంది కదా అంటారు. రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక మానేయొచ్చని 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అన్నారు. ఆ మాట విని ఎవరైనా సీట్లు తగ్గించి ఉంటే ఇవాళ ఏమయ్యేదో! అలాగని ఏఐని కొట్టిపారేయను. స్వీడన్‌లో 80,000 మంది మహిళల మామోగ్రాముల (రొమ్ము ఎక్స్‌రేల) మీద జరిగిన ట్రయల్‌లో చదివే పని 44 శాతం తగ్గింది, క్యాన్సర్లను పట్టడంలో లోటు రాలేదు. బ్రిటన్‌లోనూ ఒక్కో మామోగ్రామ్‌ని ఇద్దరు చదువుతారు కాబట్టి స్వీడన్ పద్ధతి అక్కడా పనికొస్తుంది. అయితే మామోగ్రామ్‌ని అడిగేది ఒకే ప్రశ్న. పొట్ట సీటీ అలా కాదు. పాత స్కాన్ తెరవాలి, పోల్చాలి, సర్జన్‌కి ఏం తెలియాలో ఆలోచించి రాయాలి.

ఆ పాత స్కాన్ తెరవడమే ఒక్కోసారి తంటా. 2007 చివరికల్లా ఇంగ్లండ్ ఆస్పత్రులు ఫిల్మ్ నుంచి డిజిటల్‌కి మారాయి. కానీ ఎవరి సిస్టమ్ వాళ్లదే అయింది. పక్క ఆస్పత్రి బొమ్మ మన స్క్రీన్ మీదకి వెంటనే రాకపోతే, ఖాళీగా ఉన్న చోటికి పని పంచడమూ కుదరదు. కొత్త స్కానర్ కంటే ముందు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే అంటాను. రిబ్బన్ కటింగ్‌కి ఇందులో ఏమీ ఉండదు, నిజమే.

ఎముకల ఎక్స్‌రేలను శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు చదవడం అక్కడ 1990ల నుంచీ ఉంది. మంచి పద్ధతి. కాకపోతే చదివే కుర్చీలోకి ఒకరిని తీసుకొచ్చామంటే మిషన్ దగ్గర ఒకరు తగ్గినట్టే, వాళ్లకీ కొరతే. అందుకే ఉన్నవాళ్లని నిలుపుకోవడం ముఖ్యం: ఇంటి నుంచి చదివే ఏర్పాటు, రిపోర్ట్ మధ్యలో మోగే ఫోన్లు ఎత్తడానికి వేరే మనిషి. ఇవి చిల్లర ఖర్చులే.

నన్నడిగితే మొదట ఆ ఆరు వారాల గడియారాన్ని రిపోర్ట్ చేరే రోజుదాకా నడవనివ్వాలి. అంకెలు ఒక్కసారిగా ఘోరంగా కనబడతాయి, ఏ మంత్రికీ నచ్చదు. కొనాల్సింది మిషనా, పెట్టాల్సింది మనిషినా అన్నది మాత్రం అప్పుడు ఆ అంకెల్లోనే తేలుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.