కూర్చున్న బాక్సర్‌లోని కదలిక

అందరికీ నమస్కారం.

గ్రీకు శిల్పం అనగానే మనకు తెల్లటి పాలరాయే గుర్తొస్తుంది. కానీ మైరాన్, పోలిక్లైటస్, లిసిప్పస్ లాంటి పేరున్న శిల్పులు కంచుతో పనిచేసినవాళ్లు. వాళ్ల కాలపు కంచు విగ్రహాలను తర్వాతివాళ్లు లోహం కోసం కరిగించేశారు. మిగిలిన కొద్దిపాటిలో చాలావరకు సముద్రం అడుగునో, మట్టి కిందో ఉండి బతికిపోయినవే.

రాతి విగ్రహం చెయ్యి బారుగా చాపితే దాని బరువుకే విరిగే ప్రమాదం ఉంది. కంచుకు ఆ భయం తక్కువ. మన ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మల కళాకారుల్లాగే గ్రీకులూ మైనపు నమూనా చుట్టూ మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోత పోసేవారు. పెద్ద విగ్రహమైతే లోపల బోలుగా, ముక్కలుగా పోసి అతికేవారు. ఏథెన్స్ మ్యూజియంలో ఉన్న, ‘ఆర్టెమిసియన్ దేవుడు’ అని పిలిచే కంచు విగ్రహాన్ని చూడండి. అది గ్రీకు దేవతల రాజు జ్యూసా, సముద్ర దేవుడు పొసైడనా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. 2 మీటర్లకు పైగా ఎత్తు. రెండు చేతులూ చాపి, ఆయుధం విసరబోతున్నాడు. ఒళ్లంతా అంత కదలిక ఉన్నా ముఖం మాత్రం నిశ్చలం. క్రీ.పూ. 460 ప్రాంతపు పద్ధతి అది.

నన్ను అంతకంటే ఎక్కువగా కదిలించేది 1885లో రోమ్‌లోని క్విరినల్ కొండ మీద తవ్వకాల్లో దొరికిన కంచు బాక్సర్ విగ్రహం. ఇతను ఊరికే కూర్చుని ఉంటాడు. చేతులకు తోలు పట్టీలు ఇంకా ఉన్నాయి. ముక్కు విరిగింది, చెవులు వాచి ముద్దగా ఉన్నాయి. గాయాల్లో శిల్పి ఎర్రటి రాగి పొదిగాడు. కుడి కన్ను కింద కమిలిన చోట వేరే లోహ మిశ్రమం వాడి రంగు ముదురు చేశాడు. దెబ్బను చెక్కడమే కాదు, దాని రంగు కూడా చూపించాడు!

అన్నిటికన్నా గొప్ప సంగతి, కుడి చేతి మీద, కుడి తొడ మీద రాలిన రాగి నెత్తుటి చుక్కలు. తల కుడివైపు తిప్పగానే ముఖం మీది రక్తం అక్కడ పడిందన్నమాట. అంటే ఇతను నిమిషం కిందటి దాకా ఇటు చూడలేదు, ఎవరో పిలిస్తేనో, ఏదో వినిపిస్తేనో ఇప్పుడే తిరిగాడు. ఆర్టెమిసియన్ దేవుడిలో జరగబోయేది కనిపిస్తే, ఇక్కడ అప్పుడే జరిగిపోయినది కనిపిస్తుంది. ఈ అలసటలో ఉన్నంత కదలిక నాకు ఏ పరుగెత్తే బొమ్మలోనూ కనిపించలేదు.

కళ్లు విడిగా చేసి పొదిగినవి, అవి పోయాయి. అయినా చూపు ఎటువైపో మెడే చెబుతుంది. ఇప్పుడతను రోమ్‌లో పలాజో మాసిమో మ్యూజియంలో ఉన్నాడు. మీలో ఎవరైనా వెళ్తే ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసుకుని వచ్చేయకండి. అతని కుడి పక్కకు వెళ్లండి. అతను తిరిగింది అటే.