ఓడను ఆపిన దీవి, ఆపని దీవి

శ్రోతలకు నమస్కారం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వింటున్న పెద్దలకు, పిల్లలకు అందరికీ.

ఫ్లూ గురించి మాట్లాడమన్నారు. ఈ మహమ్మారి 1918లో వచ్చింది, 1957లో వచ్చింది, 1968లో వచ్చింది, 2009లో స్వైన్ ఫ్లూ పేరుతో వచ్చింది. మన దేశంలో స్వైన్ ఫ్లూ మొదటి కేసు బయటపడింది హైదరాబాదులోనే. అన్నిట్లోకీ పెద్దది 1918ది. ఆ ఏడు జూన్‌లో బొంబాయి రేవులో దిగి, రైలెక్కి దేశమంతా తిరిగింది. మన దగ్గరే కోటిమందికి పైగా పోయారు. బొంబాయి దారి ఎట్లాంటిదో పాలమూరు వాళ్లకు నేను చెప్పాలా?

అన్నీ చెబితే టైం చాలదు. నా మనసులో నిలిచిపోయిన ఒక్క సంగతి చెబుతాను.

పసిఫిక్ సముద్రంలో సమోవా దీవులున్నాయి. ఒకే జాతి, ఒకే భాష, ఇటువాళ్లకు అటు చుట్టాలు. అప్పట్లో పడమటి దీవులు న్యూజిలాండ్ చేతిలో, తూర్పు దీవులు అమెరికా చేతిలో ఉండేవి. 1918 నవంబర్ 7న ఆక్లాండ్ నుంచి టాలూన్ అనే ఓడ పడమటివైపు ఆపియా రేవుకు వచ్చింది. అందులో జ్వరంతో ఉన్నవాళ్లున్నారు. ఎవరూ ఆపలేదు. దిగారు, ఊళ్లకు పోయారు. ఎవరూ ఆపలేదు. కొద్ది వారాల్లోనే దాదాపు 8,500 మంది చనిపోయారు. అయిదుగురిలో ఒకరి కంటే ఎక్కువే. సాయం చేస్తామని పక్క దీవి నుంచి కబురొస్తే, పడమటి దీవులను చూసే న్యూజిలాండ్ అధికారి లోగన్ వద్దన్నాడు. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

తూర్పున గవర్నర్ జాన్ పోయర్ ఓడలకు కట్టడి పెట్టాడు. తీరం వెంట ఊరివాళ్లే కాపలా కాశారు. పడవల్లో వచ్చినవాళ్లను, చుట్టాలైనా సరే, వెనక్కి పంపారు. మరి అక్కడ ఫ్లూతో పోయినవాళ్లు ఎందరు? ఒక్కరూ లేరు. మళ్లీ చెబుతున్నా, ఒక్కరూ లేరు.

2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ సమోవాకు వెళ్లి క్షమాపణ చెప్పారు. ఎనభై నాలుగేళ్లు పట్టింది!

బొడ్రాయి వేసేనాడు మన ఊళ్లలో పొలిమేర కట్టేస్తారు కదా, బయటివాళ్లు రాకుండా, లోపలివాళ్లు పోకుండా. పోయర్ చేసింది అదే. 2020లో దారికి ముళ్లకంప అడ్డం వేసిన మన పల్లెలకు ఆయనెవరో తెలియదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఇప్పుడు మామూలు ఫ్లూకి ఊరంతా కట్టేయనక్కర్లేదు. జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు వస్తే ఆ మనిషి ఇంట్లో ఉంటే చాలు. పెళ్లికి వద్దు, సంతకు వద్దు, బస్సు అసలే వద్దు. గోలీ వేసుకోకుండానే జ్వరం తగ్గాక ఇంకో రోజు ఆగండి. "పిలిచారు, పోకపోతే ఏమనుకుంటారో" అని టెన్షన్ పడతాం. ఫోన్ చేసి చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటే జ్వరం ఉన్నవాళ్లు వేరే గదిలో పడుకోవాలి. గది లేకపోతే మంచం వాకిట్లో వేయండి. ఆయాసం వస్తే మాత్రం తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే దవాఖానకు పోవాలి. ఫ్లూకి ఇచ్చే మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.