ఏకార్స్ సందేశంలో చెడిన బిట్టును పట్టుకోవడం

సభకు నమస్కారం.

విమానానికీ నేలకూ మధ్య మాటలే కాక చిన్న చిన్న అక్షర సందేశాలు కూడా నడుస్తుంటాయి. 1978లో మొదలైన ఈ పద్ధతి పేరు ఏకార్స్. వీహెచ్ఎఫ్ రేడియోలో సెకనుకు 2400 బిట్ల (0 లేదా 1 అనే అంకెల) వేగంతో సాగే ఈ సందేశంలో పాఠం 220 అక్షరాలు మించదు కనుక, పెద్ద సందేశమైనా సెకను లోపే ముగిసిపోతుంది; చెవికి అది ఒక చిన్న కీచుమోత మాత్రమే.

టీవీ కోసం తయారైన చిన్న యూఎస్‌బీ డాంగిల్, ఒక యాంటెన్నా, ఏకార్స్‌డెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే చాలు, ఆ మోత తెరమీద అక్షరాలవుతుంది. ప్రోగ్రాం పేరు వెనుక డాంగిల్‌ను ఎంచే ఆప్షన్‌ను, దాని సంఖ్యను, 131.550 (మెగాహెర్ట్జ్‌లలో) వంటి ఫ్రీక్వెన్సీని ఇచ్చి ఎంటర్ నొక్కడమే పని. నౌకాదళ స్థావరమున్న విశాఖపట్నంలో ఉన్నాం కనుక, మేడమీద యాంటెన్నా ఎక్కించే ముందే అనుమతుల సంగతి తేల్చుకోవడం మంచిది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. బంగాళాఖాతం మీద 35 వేల అడుగుల ఎత్తున, 300 కిలోమీటర్ల అవతల పోతున్న విమానం మనకు వినబడవచ్చు గానీ, కైలాసగిరి కొండ పాదంలో ఉన్నవారికి మన విమానాశ్రయంలోనే నిలిచి ఉన్న విమానం వినబడకపోవచ్చు. ఈ తరంగాలు చూపు మేరకే పోతాయి. కొండ అడ్డు వస్తే ఆగిపోతాయి.

అందిన బలహీన సంకేతంలో బిట్లు చెడుతుంటాయి. అసలు నేర్పంతా వాటిని సరిదిద్దడంలోనే ఉన్నదని నా అభిప్రాయం. మన దేశపు విమానాల రిజిస్ట్రేషన్ ‘వీటీ’తో మొదలవుతుంది. అందులోని ‘వీ’ ఏడు బిట్లలో 1010110. ఒకట్లు నాలుగున్నాయి, నియమం ప్రకారం ప్రతి అక్షరంలో ఒకట్ల మొత్తం బేసి కావాలి కనుక, తప్పు పట్టడానికి చేర్చే ఎనిమిదవ బిట్టుగా, అంటే పారిటీ బిట్టుగా, మరో 1 చేరుతుంది. దారిలో చివరి 0 కాస్తా 1 అయితే ‘వీ’ ‘డబ్ల్యూ’ అవుతుంది, ఒకట్లు ఆరవుతాయి. సరిసంఖ్య కనబడగానే తప్పు ఈ అక్షరంలోనే ఉన్నదని తెలుస్తుంది గానీ, ఎనిమిదింటిలో ఏ బిట్టో తెలియదు. అప్పుడు ప్రోగ్రాం ఒక్కొక్క బిట్టునూ తిప్పి, సందేశం చివర వచ్చే 16 బిట్ల సీఆర్‌సీతో, అంటే సందేశమంతటి నుంచి లెక్కగట్టి పంపిన తనిఖీ సంఖ్యతో, సరిచూస్తుంది, సరిపోయినదే దొంగ. ఒకే అక్షరంలో రెండు బిట్లు చెడితే మాత్రం పారిటీ మోసపోతుంది. తప్పున్నదని సీఆర్‌సీ చెబుతుంది, కానీ వెతకవలసిన చోట్లు సందేశమంతటా పరుచుకుంటాయి.

తెరమీద ప్రతి సందేశం తలకట్టులో ‘ఎల్’ పక్కన సంకేత బలం, ‘ఇ’ పక్కన తప్పుల లెక్క కనిపిస్తాయి. చాలామంది మొదటిదాన్నే చూస్తారు. నేను రెండవది చూస్తాను. అక్కడ సున్నా లేకపోతే, అదే విమానం నుంచి మరో సందేశం వచ్చి రిజిస్ట్రేషన్ కలిసేదాకా దాన్ని నా నోటుపుస్తకంలోకి ఎక్కించను.