ఏడో రౌండ్ రాత్రి

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మన చెస్ పోటీలో మూడో రౌండ్ అయిపోయింది, మళ్లీ బోర్డుల దగ్గరికి వెళ్లడానికి ఇంకా అరగంట ఉంది, ఈలోపు నాలుగు మాటలు చెప్పమన్నారు నన్ను. ఓపెనింగుల గురించి, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల గురించి చెప్పను, అవి మీ ఫోన్లలో కావలసినన్ని ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్ టోర్నమెంటు గురించి చెబుతాను, అందులోనూ ముఖ్యంగా ఓడిపోయిన ఒక ఆట గురించి.

ఎనిమిదిమంది ఆటగాళ్లు. ఒక్కొక్కరు మిగతా ఏడుగురితో రెండేసి ఆటలు ఆడాలి, మొత్తం 14 రౌండ్లు. మొదట నిలిచిన ఒక్కడే ప్రపంచ ఛాంపియన్‌తో తలపడతాడు, రెండోవాడు ఎంత బాగా ఆడినా ఇంటికి వెళ్లి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందే. మన గుకేశ్, చెన్నైలో పుట్టిన తెలుగింటి కుర్రాడు, అప్పటికి 17 ఏళ్లు.

అక్కడి గడియారం సంగతి తెలిస్తే గానీ ఆ టెన్షన్ అర్థం కాదు. ఒక్కొక్కరికి మొదటి 40 ఎత్తులకి రెండు గంటలు, అంతే. ఎత్తు వేసినందుకు 30 సెకన్లు కలవడం 41వ ఎత్తు నుంచే. అంటే ముప్ఫయ్యో ఎత్తు దగ్గర నీకు మూడు నిమిషాలే మిగిలాయనుకో, ఆ మూడు నిమిషాల్లోనే పది ఎత్తులు వెయ్యాలి. నరసాపురం రేవులో ఆఖరి పంటు కదిలిపోతుంటే సంచులు పట్టుకుని పరుగెత్తే జనాన్ని చూశారుగా, అందరూ తెలివైనవాళ్లే, కానీ ఆ క్షణంలో ఎవరి చెప్పు ఎక్కడ జారిందో ఎవరికీ తెలియదు. ప్రపంచంలో మొదటి పదిమందిలో ఉన్న ఆటగాడి చేతులు కూడా అలాగే వణుకుతాయి. నేను ఎప్పుడు చూసినా బోర్డు కన్నా ముందు గడియారాన్ని చూస్తాను.

ఏడో రౌండులో గుకేశ్‌కి అదే జరిగింది. అలీరెజా ఫిరూజా మీద ఆట, టైము అయిపోవచ్చింది, తొందరలో ఎత్తు తప్పింది, ఆట పోయింది. సగం టోర్నమెంటు ముగిసిన రాత్రి అది. మర్నాడు విశ్రాంతి రోజు, ఓడినవాడికి అంతకంటే పెద్ద శిక్ష ఉండదు, ఎందుకంటే ఆడటానికి ఆట లేదు, ఆ తప్పు ఒక్కటే కళ్ల ముందు తిరుగుతూ ఉంటుంది. కానీ ఆ ఓటమి బాధలో కూడా తన ఆట మంచి స్థితిలో ఉందని అనిపించిందని గుకేశ్ తర్వాత చెప్పాడు. ఎనిమిదో రౌండులో నల్ల పావులతో విదిత్ గుజరాతీని ఓడించాడు. పదమూడో రౌండులో మళ్లీ ఎదురుపడ్డాడు ఆ ఫిరూజానే. ఈసారి గుకేశ్ గెలిచి, అరపాయింటు ఆధిక్యంతో ఒంటరిగా ముందుకొచ్చాడు.

ఆఖరి రౌండు మనకి అర్ధరాత్రి పన్నెండుకి మొదలైంది. దాళ్వా మాసూళ్ల రోజులు, ధాన్యం కాపలాకి ఎలాగూ మెలకువగా ఉండాలి, మేం ముగ్గురం కల్లంలో పరదా పట్టా మీద కూర్చుని ఒకే ఫోను చూశాం. గుకేశ్ నకమురాతో డ్రా చేసుకున్నాడు, 9 పాయింట్లు. కానీ పక్క బోర్డులో కరువానా, నెపోమ్నియాషి ఇంకా ఆడుతున్నారు, ఆ ఇద్దరిలో ఎవరు గెలిచినా గుకేశ్‌తో సమానమై టైబ్రేక్, అంటే విజేతని తేల్చే అదనపు ఆటలు ఆడాలి. కరువానాకి గెలుపు చేతిదాకా వచ్చింది, జారింది, మళ్లీ వచ్చింది, మళ్లీ జారింది. గుకేశ్ చేయగలిగింది ఏమీ లేదు, కోచ్‌తో కలిసి బయట నడుస్తున్నాడు. మా ఫోన్లో చార్జింగు 4 శాతానికి వచ్చింది, ఒకతను బండి తాళం తీసుకుని చార్జరు కోసం ఊళ్లోకి వెళ్లాడు. 109 ఎత్తులు! చివరికి డ్రా. ఆ ఇద్దరూ లేవకుండా కూర్చుండిపోయారు, నెపో క్షమించమన్నాడు, కరువానా తప్పు నాదే అన్నాడు. ఇద్దరి కలా ఒకే బోర్డు మీద పోయింది, అయినా ఒకరి మీద ఒకరు విసుక్కోలేదు. గుకేశ్ గెలిచాడని మావాళ్లు ఈలలు వేస్తుంటే నేను మాత్రం ఆ ఇద్దరి ముఖాలే చూస్తూ ఉండిపోయాను.

అదే సంవత్సరం డిసెంబరు 12న సింగపూర్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ మీద పద్నాలుగో ఆట గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు కూడా గుకేశ్ ఏడుస్తూనే పావులన్నీ తిరిగి వాటి గళ్లలో సర్దాడు. మీలో ఎంతమంది ఆటయ్యాక పావులు సర్దుతున్నారో నేను చూస్తూనే ఉన్నాను.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి గారి సంగతి కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్, అంటే తక్కువ టైముతో ఆడే చెస్ పోటీ, మొదటి రౌండులోనే ఓటమి. అప్పటికి ఆవిడ ఒక పాప తల్లి, ఆట మానేస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు. పదకొండు రౌండ్లయ్యేసరికి 8.5 పాయింట్లతో ఛాంపియన్. 2019లో మొదటిసారి గెలిచారు, ఇది రెండోసారి.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. పోయిన ఏడాది ఒక టోర్నమెంటులో, ఊరి పేరు వద్దు, తొమ్మిదేళ్ల పిల్లాడు గెలిచే ఆట ఓడిపోయాడు. మెట్ల మీద అందరి ముందూ వాళ్ల నాన్న వాణ్ని చెంపమీద కొట్టాడు, ఎంట్రీ ఫీజు గురించి ఏదో అన్నాడు. తర్వాతి రౌండుకి వాడు రాలేదు. ఎదురు కుర్చీలో కూర్చున్న పాప గడియారం నొక్కి, పెన్ను పట్టుకుని, వాడి పేరు స్కోర్ షీటు మీద, అదే ఎత్తులు రాసుకునే కాగితం మీద రాసి ఎదురుచూసింది. ఖాళీ కుర్చీ ముందు ఆ నిమిషాలు ఒక్కొక్కటే తగ్గడం నేను నిలబడి చూశాను, ఇప్పటికీ మర్చిపోలేదు. వాడు ఈ రోజు కూడా రాలేదు. ఏడో రౌండ్ రాత్రి గుకేశ్‌ని ఎవరైనా అలా కొట్టి ఉంటే ఎనిమిదో రౌండు ఉండేదా, మీరే చెప్పండి.

సరే, బెల్లు కొట్టేలా ఉన్నారు. పొద్దుట్నుంచి ఓడినవాళ్లందరూ స్కోర్ షీట్లు తీసుకుని మామిడిచెట్టు కిందకి రండి, అక్కడ బోర్డు పెట్టాను. ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం, తర్వాత నాలుగో రౌండుకి వెళ్దురుగాని. మజ్జిగ కూడా అక్కడే ఉంది.