ఐడిల్‌లో ఆగిపోయే కారుకి ఈ స్కానర్ పనికొస్తుందా? | పూర్తి రివ్యూ

నమస్తే అండీ. సిగ్నల్ దగ్గర బండి ఆపుతాం, క్లచ్ తొక్కుతాం, ఇంజిన్ చప్పున ఆగిపోతుంది. తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే గంటసేపు నిక్షేపంలా తిరుగుతుంది. మెకానిక్ స్కానర్ పెట్టి, బండి దాచుకునే తప్పుల నంబర్లు చూసి, "కోడ్ ఏం లేదండీ" అంటాడు. సరిగ్గా ఇలాంటి బండి కోసం ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే బండి సాకెట్‌కి తగిలిస్తే దాని కంప్యూటర్ రీడింగులని ఫోన్‌లో చూపించే అడాప్టర్, పనికొస్తుందా లేదా, ఈ వీడియోలో అదొక్కటే చూద్దాం.

ఈ పీస్ కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, స్క్రిప్టు చూపించమనీ అడగలేదు. డబ్బాలో ఏముంది, ఎన్ని వేల కోడ్‌లు చదువుతుంది, ఇవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. అసలు కోడ్‌ల గొడవ పక్కన పెట్టండి. అప్పుడప్పుడు మాత్రమే ఆగే బండికి చాలాసార్లు కోడే పడదు. పడినా పీ0506 పడుతుంది, అంటే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఉండాల్సినదానికంటే తక్కువ ఉందని. ఆ ముక్క మనకి తెలుసు కదా, అందుకేగా ఇంత తంటా!

దీంట్లో నాకు నచ్చింది ఒకే ఒక్క బటన్. యాప్‌లో కింద మూలన చిన్నగా ఉంటుంది, కంపెనీ వాళ్ళు దాని గురించి ప్రకటనలో కూడా చెప్పలేదు. రీడింగులు నడుస్తుండగా అది నొక్కితే, నొక్కకముందు గడిచిన ఒక నిమిషం రికార్డు సేవ్ అవుతుంది. బండి ఆగాక తీరిగ్గా నొక్కొచ్చు. ఇంజిన్ ఎలా చచ్చిందో తెలియాలంటే ఆ ఆఖరి మూడు నాలుగు సెకన్లే కావాలి.

కానీ ఒక షరతు. దొరికిన రీడింగులన్నీ టిక్ పెట్టేయకండి. ఇరవై రీడింగులు పెడితే ఒక్కొక్కటి మారడానికి రెండు మూడు సెకన్లు పట్టొచ్చు, ఆలోపు ఇంజిన్ పోయి కూర్చుంటుంది. నాలుగే పెట్టండి: ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో), షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ అప్పటికప్పుడు పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో), మ్యాప్ (ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి; బండిలో అది లేకపోతే మాఫ్, అంటే లోపలికి వెళ్ళే గాలి ఎంతో), ఈసీయూ (అదే ఇంజిన్ కంప్యూటర్) వోల్టేజ్. లాంగ్ టర్మ్ ట్రిమ్, కూలెంట్ టెంపరేచర్ మెల్లగా మారేవి, వాటిని విడిగా ఒకసారి చూసుకుంటే చాలు. ఈసీయూతో మాట్లాడడానికి కే-లైన్ అనే పాతకాలం లైను ఉన్న బళ్ళలో ఇంకా నిదానం. ఆ లైను వేగం సెకనుకి 10.4 కిలోబిట్లే, క్యాన్ అనే కొత్త లైను ఉన్న బళ్ళలో మామూలుగా 500. అందుకని పాత బండి అయితే రెండు రీడింగులతో సరిపెట్టుకోండి. ఈ మాట వస్తే ఆ నీలం రంగు చవక అడాప్టర్లు గుర్తొస్తాయి. వాటిలో చాలావాటి మీద "ఈఎల్‌ఎమ్ 327 వెర్షన్ 1.5" అని లోపలి చిప్ పేరు ఉంటుంది. అసలు చిప్ చేసినవాళ్ళు 1.5 అనే వెర్షనే తీయలేదు! కోడ్ చెరపడానికి పనికొస్తాయి గానీ ఇలా వేగంగా రికార్డు చేయడానికి చాలావరకు పనికిరావు.

ఇప్పుడు స్క్రీన్ దగ్గరగా చూపిస్తాను, గ్రాఫ్ ఎలా చదవాలో చూడండి.

మొదటి రకం. ఆర్పీఎం 750 దగ్గర గీత గీసినట్టు ఉంటుంది, ఒక్కసారిగా సున్నా. కానీ ఆ క్షణంలో మ్యాప్ ఇంకా 35 కిలోపాస్కల్ దగ్గరే ఉంది, ఆ తర్వాతే బయటి గాలి ఒత్తిడైన 100 వైపు ఎక్కింది. అంటే ఈసీయూ సున్నా అంటున్నప్పుడు ఇంజిన్ ఇంకా తిరుగుతూ గాలి పీలుస్తూనే ఉందన్నమాట. పోయింది ఇంజిన్ కాదు, ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సార్ సిగ్నల్. వేడెక్కాకే ఆగుతూ, అరగంట చల్లారాక మామూలుగా నడుస్తుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. సెన్సార్ మార్చే ముందు దాని కనెక్టర్‌లో నూనె చేరిందా, వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయిందా చూడండి. ఇంజిన్ నడుస్తుండగా ఆ వైరుని మెల్లగా కదిపినప్పుడు ఆగిందంటే తేలిపోయినట్టే.

రెండో రకం. 750, 640, 500... మెట్లు దిగినట్టు దిగుతుంది, ట్రిమ్ మాత్రం ప్లస్ 20 దాటి ఎక్కుతుంటుంది. మిశ్రమంలో పెట్రోల్ చాలట్లేదు. ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో 2500 దగ్గర అర నిమిషం పట్టుకోండి. ట్రిమ్ ప్లస్ 3కో 5కో దిగిపోతే ఎక్కడో గాలి లీకుంది: ఇన్‌టేక్ గొట్టం, మ్యానిఫోల్డ్ గాస్కెట్, తెరుచుకునే ఉండిపోయిన పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌కి పంపేది). ఐడిల్‌లో ఇంజిన్ తాగే గాలే తక్కువ, అందుకే చిన్న లీకు కూడా అక్కడ పెద్దగా కనిపిస్తుంది. 2500లో కూడా ట్రిమ్ తగ్గకపోయినా, ఇంకా ఎక్కినా ఫ్యూయల్ ప్రెషర్ కొలిపించండి. ఒక మెలిక ఉంది. మాఫ్ లేకుండా మ్యాప్ మీదే నడిచే బళ్ళలో లీకైన గాలినీ మ్యాప్ లెక్కలోకి తీసుకుంటుంది, అప్పుడు ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడిల్ పెరుగుతుంది. "ట్రిమ్ బాగుంది, లీకు లేదు" అని అక్కడే పప్పులో కాలేస్తారు. లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టేవాళ్ళని చూస్తుంటాం. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలే. నీళ్ళు సన్నగా స్ప్రే చేయండి, జాయింట్ దగ్గర శబ్దం మారితే చాలు.

ట్రిమ్ తలకిందులుగా మైనస్ 20కి పోతుంటే, అందులోనూ పెట్రోల్ కొట్టించిన వెంటనే ఆగుతుంటే, పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోల్ ఆవిర్లని ఇంజిన్‌కి వదిలేది) మూసుకోవట్లేదేమో చూడండి. వాల్వ్ నుంచి మ్యానిఫోల్డ్‌కి వెళ్ళే గొట్టాన్ని నొక్కిపట్టండి. ఐడిల్ సర్దుకుంటే దొరికినట్టే.

మూడో రకంలో ట్రిమ్ ఏమీ కదలదు. యాక్సిలరేటర్ వదిలి బండి ఆపేటప్పుడో, ఏసీ వేసినప్పుడో ఆర్పీఎం జారి ఆగిపోతుంది. చాలావరకు థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌కి గాలిని వదిలే రేకు ఉండే భాగం) మసి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే తాళం ఆన్‌లో ఉండగా రేకుని వేలితో తోయొద్దు. థ్రాటిల్ క్లీనర్‌ని గుడ్డకి కొట్టి తుడవండి, తర్వాత ఐడిల్ రీలెర్న్, అంటే ఈసీయూకి ఐడిల్ మళ్ళీ నేర్పడం, చేయాలి. పద్ధతి బండి బండికీ మారుతుంది. మ్యాప్ ఐడిల్‌లోనే 50 దాటి, రేజ్ చేస్తే సర్దుకుంటుంటే ఈజీఆర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ పొగని కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) ఇరుక్కుందేమో చూడండి.

వోల్టేజ్ విషయంలో దీనికి మంచి మార్కులు. అడాప్టర్ సాకెట్‌లోని 16వ పిన్ నుంచి బ్యాటరీ వోల్టేజ్ చూపిస్తుంది, ఈసీయూ తనకెంత అందుతోందో విడిగా చెబుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. తేడా అర వోల్టు దాటితే రిలే, ఫ్యూజ్ బాక్స్, ఎర్త్ వైపు చూడాలి.

ఇక చిరాకు. మెయిన్ రిలేనో, ఇగ్నిషన్ స్విచ్చో వదిలేసి బండి ఆగితే ఈసీయూకే కరెంటు పోతుంది. 16వ పిన్‌కి బ్యాటరీ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అడాప్టర్ మాత్రం బతికే ఉంటుంది. అంటే "ఈసీయూ పలకట్లేదు" అనే మాట దానికదే పెద్ద క్లూ. ఈ యాప్ ఏం చేస్తుందో చూడండి. ఈసీయూ పోయినా, బ్లూటూత్ తెగినా, ఫోన్ జేబులో పెట్టుకుని నాలుగడుగులు పక్కకి వెళ్ళినా, ఒకటే మెసేజ్: "కనెక్షన్ పోయింది". పైగా ఆ మెసేజ్ రాగానే ఆ నిమిషం రికార్డు మాయం! అంత చక్కటి బటన్ పెట్టి, సరిగ్గా అది కావాల్సిన చోట చెరిపేస్తారా? ఇది హార్డ్‌వేర్ తప్పు కాదు, యాప్‌లో నాలుగు లైన్ల పని. అప్పటిదాకా ఒకటే దారి. అడాప్టర్ మీద బ్లూటూత్ లైటు నీలంగా నిలకడగా ఉండి, పక్కనున్న ఆకుపచ్చది ఆరిపోతే పోయింది ఈసీయూ. రెండో ఫోన్‌తో ఆ లైట్లని వీడియో తీస్తూ ఉండండి. నవ్వొస్తుంది గానీ పని జరుగుతుంది.

ట్రిమ్, క్రాంక్ సెన్సార్ రకం జబ్బులకి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. కరెంటు వదిలేసే బండికి మాత్రం యాప్ అప్‌డేట్ వచ్చేదాకా నేనైతే ఆగమంటాను. తీసుకున్నవాళ్ళు, బండి ఒకసారి ఆగి రికార్డు చేతికొచ్చేదాకా పాత కోడ్‌లు చెరపకండి, చెరిపితే వాటితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో దాచిన రీడింగులు) కూడా పోతుంది. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి కూర్చోకండి. పని అయ్యాక అడాప్టర్ పీకేయండి, బండి వారం రోజులు కదలకపోతే బ్యాటరీ తినేస్తుంది.