ఈస్టర్ ఆదివారం లెక్క

శ్రోతలకు నమస్కారం.

క్రిస్మస్ ఏటా డిసెంబర్ 25నే. ఈస్టర్ మాత్రం ఒక ఏడు మార్చిలో వస్తుంది, ఇంకో ఏడు ఏప్రిల్ నెలాఖరుకు జరుగుతుంది. గుంటూరులోనైనా విజయవాడలోనైనా శ్రమకాలపు కూటాలు పెట్టుకోవాలన్నా, తెల్లవారుజాము ఆరాధనకు ఏర్పాట్లు చేసుకోవాలన్నా ముందు గోడమీది క్యాలెండరే చూస్తాం. ఆ తేదీ క్యాలెండర్‌లోకి ఎలా వచ్చిందో చెప్పేవాళ్లు తక్కువ. విశ్వాసానికీ సైన్సుకూ పడదని అనుకునేవాళ్లకు ముందుగా చూపించాల్సింది ఈ లెక్కే.

యేసు సిలువ మరణం యూదుల పస్కా పండుగ రోజుల్లో జరిగింది. పస్కా మొదటి నెల పధ్నాలుగో దినం సాయంకాలమని నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఉంది. యూదుల నెల నెలవంకతో మొదలవుతుంది కాబట్టి పధ్నాలుగో నాడంటే పున్నమి. అది వసంతకాలపు పున్నమి కావాలి, పునరుత్థానం ఆదివారం కావాలి. అంటే సూర్యుడు, చంద్రుడు, వారం మూడింటికీ పొత్తు కుదరాలి. క్రీ.శ. 325లో నికయ మహాసభ సంఘాలన్నీ ఒకే ఆదివారం పండుగ చేయాలని తీర్మానించింది. ఆ తర్వాత స్థిరపడ్డ సూత్రం ఇది: వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుగా తీసుకున్న మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమిని పట్టుకోవాలి. ఆ పున్నమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్.

పెన్సిలు, కాగితం దగ్గరుంటే ఇప్పుడే వేసి చూడొచ్చు. సంవత్సరాన్ని 19తో భాగించి శేషం తీసుకోండి. ఆ శేషాన్ని 19తో గుణించి 24 కలపండి. వచ్చినదాన్ని 30తో భాగించండి. ఇప్పుడు మిగిలిన శేషం ఎంతో, మార్చి 21కి అన్ని రోజులు కలిపితే పున్నమి తేదీ దొరుకుతుంది. 2027 చూద్దాం. 19తో భాగిస్తే శేషం 13. పదమూడు పంతొమ్మిదులు 247, దానికి 24 కలిపితే 271. ముప్పైతో భాగిస్తే మిగిలేది 1. అంటే పున్నమి మార్చి 22, సోమవారం. కాబట్టి ఈస్టర్ మార్చి 28.

ఎక్కువమంది తప్పేది పున్నమే ఆదివారం పడ్డప్పుడు. అప్పుడు ఆ రోజు కాదు, పై ఆదివారం. 2025లో పున్నమి ఏప్రిల్ 13, ఆదివారం. అందుకే పండుగ 20న చేసుకున్నాం. రెండో జాగ్రత్త: చివరి శేషం 29 వస్తే దాన్ని 28గా తీసుకోవాలి. 28 వచ్చి, మొదటి శేషం పదికి మించి ఉంటే 27గా తీసుకోవాలి. 1981కి ఈ సవరణ మరిచిపోతే ఏప్రిల్ 26 వస్తుంది. అసలు పండుగ ఏప్రిల్ 19నే జరిగింది. ఈస్టర్ ఎప్పుడూ మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఆ చిట్టచివరి తేదీ 2038లో వస్తుంది. ఇక ఆ 24 అనే అంకె 1900 నుంచి 2199 వరకే పనిచేస్తుంది, తర్వాత మారుతుంది.

ఇంతకీ ఈ 19 ఎక్కడిది? పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పన్నెండు చాంద్రమాన మాసాలు 354 రోజులు. సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. అందుకే ఉగాది ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, అధిక మాసం వచ్చిన ఏడు ముందుకు దూకుతుంది. 19 ఏళ్లకు 235 చాంద్రమాసాలు సరిపోతాయి. పంతొమ్మిది పన్నెండులు 228, మిగిలిన ఏడూ అధిక మాసాలు. ఈ లెక్కతో ముందే కట్టిపెట్టిన ఈస్టర్ పట్టికలోని పున్నమి కూడా అచ్చం ఇలాగే ఏటా 11 రోజులు వెనక్కి నడుస్తుంది, మార్చి 21కి ముందు పడితే 30 రోజులు కలుపుకుంటుంది.

లెక్క బాగానే ఉన్నా కాలం గడిచేకొద్దీ చెడింది. పాత జూలియన్ క్యాలెండర్ సంవత్సరాన్ని 365 రోజుల 6 గంటలుగా తీసుకుంది. అసలు సంవత్సరం అంతకంటే 11 నిమిషాలు చిన్నది. పదకొండు నిమిషాలే కదా అనిపిస్తుంది గానీ, 128 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. పదహారో శతాబ్దానికి పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మార్చి 11కి జారిపోయింది. లిలియస్ అనే వైద్యుడు సవరణ రాసిచ్చాడు, క్లావియస్ అనే జెస్యూట్ (క్యాథలిక్ గురువుల సభ) గణితవేత్త దాన్ని సమర్థించి వివరించాడు, పోప్ 13వ గ్రెగరీ ఆజ్ఞ ఇచ్చాడు. 1582లో అక్టోబర్ 4 గురువారం మర్నాడు అక్టోబర్ 15 శుక్రవారం అయింది. తరతరాలుగా వాడుకున్న లెక్క తప్పని ఆకాశం చెబితే సంఘం దిద్దుకుంది. నాకు ఇందులో గొప్పగా తోచేది ఇదే.

ఆ పది రోజుల తేడా ఎంతో మీ గుడి ఆవరణలోనే చూడొచ్చు. మార్చి 20న గానీ 21న గానీ చదునైన గచ్చు మీద మీటరు కర్ర నిలబెట్టండి. నట్టు కట్టిన దారం వేలాడదీసి నిలువు సరిచూసుకోండి. కర్ర ఉత్తరానికో దక్షిణానికో ఒక్క డిగ్రీ వాలినా నీడ పావుతక్కువ రెండు సెంటీమీటర్లు మారిపోతుంది. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొసను సుద్దతో గుర్తుపెట్టండి. విజయవాడలో సుమారు 12 గంటల 15 నిమిషాలకు నీడ అన్నిటికన్నా పొట్టిగా, 30 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో అది రోజుకు ముప్పావు సెంటీమీటరు చొప్పున తగ్గుతుంది. సవరణకు ముందు, పాత క్యాలెండర్ మార్చి 21 అన్న రోజున ఇక్కడ ఎవరైనా కొలిచి ఉంటే 22 సెంటీమీటర్లే వచ్చేది.

ఇదే కొలతను ఇటలీలో బొలోన్యా నగరంలోని సాన్ పెట్రోనియో గుడిలో భారీ ఎత్తున చేశారు. 1655లో కస్సీని అనే ఖగోళవేత్త ఆ గుడి కప్పులో, నేలకు 27 మీటర్ల ఎత్తున చిన్న రంధ్రం పెట్టించి, నేలమీద సుమారు 67 మీటర్ల గీత వేయించాడు. మధ్యాహ్నం సూర్యబింబం ఆ గీతను దాటుతుంది. ఏడాది పొడుగునా ఆ బింబం వెడల్పు కొలిచి చూస్తే సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఎలా మారుతుందో లూథరన్ (ప్రొటెస్టెంటు) విశ్వాసి కెప్లర్ చెప్పినదానికి బలం దొరికింది. క్యాథలిక్ గుడి నేల లూథరన్ శాస్త్రవేత్తకు సాక్ష్యమిచ్చింది! దానికి 22 ఏళ్ల ముందే, 1633లో, అదే సంఘం గెలీలియోకు శిక్ష వేసింది. అది అన్యాయం. ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు.

ఇంత నికార్సైన చరిత్ర ఉండగా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది వేరు. నాసా కంప్యూటర్లు వెనక్కి లెక్క కడుతుంటే ఒక రోజు తక్కువ వచ్చిందట, అందులో 23 గంటల 20 నిమిషాలు బైబిల్లో సూర్యుడు నిలిచిపోయాడన్న యెహోషువ నాటివట, 40 నిమిషాలు నీడ వెనక్కి జరిగిందన్న హిజ్కియా రాజు నాటివట. నాసా ఇలా ఎన్నడూ చెప్పలేదు. నాసా ఏర్పడింది 1958లో. ఈ తప్పిపోయిన రోజు కథ 1890లోనే అమెరికాలో టాటెన్ అనే ఆయన పుస్తకంలో ఉంది. పైగా ఆ పని సాధ్యమే కాదు. గ్రహాలు ఫలానా నాడు ఎక్కడున్నాయో వెనక్కి లెక్క కట్టొచ్చు. కానీ రోజు తప్పిందని తేలాలంటే ఆ సంఘటనకు ముందే ఎవరో తేదీ వేసి రాసిపెట్టిన గ్రహణం ఒకటి కావాలి. నమ్మదగ్గ బాబిలోను గ్రహణాల నమోదులు క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం నుంచి మొదలవుతాయి, యెహోషువ అంతకు ఎంతో ముందటివాడు. బైబిలు నిజమని చెప్పడానికి అబద్ధం సాయం తెచ్చుకుంటే, ఆ అబద్ధం బయటపడ్డ రోజున కాలేజీకెళ్లే మన పిల్లలు బైబిలునే అనుమానిస్తారు.

ఈస్టర్ పట్టికలోనూ లోటుంది. అది సగటు లెక్క, అచ్చమైన ఆకాశం కాదు. 2019లో మన గడియారం ప్రకారం మార్చి 21 తెల్లవారుజామున మూడున్నరకు పగలూ రాత్రీ సమానమయ్యే క్షణం వచ్చింది, అదే ఉదయం ఏడుంపావుకు పున్నమి ఘడియ. ఆకాశం ప్రకారం పండుగ మార్చి 24న రావాలి. పట్టికలో ఆ పున్నమి మార్చి 20న పడింది, ఒక్క రోజు తేడాతో లెక్కలోకి రాలేదు. తర్వాతి పున్నమి ఏప్రిల్ 18, ఈస్టర్ ఏప్రిల్ 21. నాలుగు వారాల తేడా! అయినా పట్టికను పట్టుకోవడానికి కారణముంది. పున్నమి ఘడియ ఒక దేశంలో శనివారం రాత్రయితే మరో దేశంలో ఆదివారం ఉదయమవుతుంది. దేశానికో ఈస్టర్ రాకుండా పట్టిక కాపాడుతుంది. 1997లో సిరియాలోని అలెప్పోలో పలు సంఘాల ప్రతినిధులు కూర్చుని దీనికో మార్గం సూచించారు: సూర్యచంద్రుల అసలు స్థానాలనే తీసుకుందాం, సమయానికి యెరూషలేమును ప్రమాణం చేసుకుందాం అని. ఆ సూచన ఇంకా అమల్లోకి రాలేదు.