తెలియని విదేశీ నంబర్ నుంచి కాల్ ఎత్తేశారా? ఫోన్‌కి ఏమవుతుంది?

(తెర మీద: రాత్రి పదకొండున్నర. మంచం పక్కన ఫోన్ మోగుతోంది. +216తో మొదలయ్యే నంబర్.)

నమస్కారం. మా చిన్నమ్మది జగిత్యాల దగ్గర ఊరు. కొడుకు దుబాయ్‌లో పని చేస్తాడు. అందుకే ప్లస్ గుర్తుతో ఏ నంబర్ వచ్చినా ఆమె ఆలోచించకుండా ఎత్తేస్తుంది. మొన్న రాత్రి కూడా అలాగే ఎత్తింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. "హలో, హలో" అంది, నాలుగైదు సెకన్లలో కట్ అయింది.

పొద్దున్నే పక్కింటావిడ "అలాంటి ఫోన్ ఎత్తితే సిమ్ మొత్తం కాపీ అయిపోతుందట" అంది. చిన్నమ్మ హడలిపోయి ఫోన్ స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టేసింది. రెండు రోజులు తీయలేదు. అక్కడ దుబాయ్‌లో మా తమ్ముడు అమ్మకి ఏమైందోనని అన్నం కూడా తినలేదు. ఆ కాల్ చేసినవాడు ఆమె నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదు. జరిగిన నష్టమంతా ఆ భయం వల్లే.

ముందు సూటిగా చెప్పేస్తాను. మామూలు కాల్ ఎత్తి, హలో అని పెట్టేస్తే ఫోన్ హ్యాక్ అవ్వదు. బ్యాంకులో డబ్బు పోదు. సిమ్ కాపీ అవ్వదు.

(తెర మీద: సిమ్ కార్డు బొమ్మ, లోపల చిన్న తాళంచెవి.)

సిమ్ లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది, తాళంచెవి అనుకోండి. మీరు ఫలానా కస్టమరేనా అని తేల్చుకోవడానికి నెట్‌వర్క్ ఒక లెక్క పంపుతుంది. సిమ్ ఆ లెక్కని లోపలే చేసి జవాబు మాత్రం బయటికి ఇస్తుంది. తాళంచెవి బయటికి రాదు. కాల్‌లో అటూ ఇటూ నడిచేది గొంతు మాత్రమే. +92 (పాకిస్తాన్ కోడ్), #90, #09తో మొదలయ్యే కాల్స్ ఎత్తితే సిమ్ క్లోన్ అవుతుందని 2012లోనే దేశమంతా మెసేజ్‌లు తిరిగాయి. పక్కింటావిడ చెప్పింది కూడా అదే పాత పుకారు.

"మరి పెగాసస్ సంగతేంటి, ఫోన్‌లో దూరి నిఘా పెట్టే ఆ సాఫ్ట్‌వేర్?" అని అడిగేవాళ్లు ఉంటారు. అది నిజంగా జరిగింది. 2019లో వాట్సాప్ కాలింగ్‌లో ఒక లోపం బయటపడింది. ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారుచేసిన పెగాసస్‌ని ఆ లోపం గుండా కాల్ ద్వారా ఫోన్లలోకి పంపారు. సుమారు 1,400 మంది దాని బారిన పడ్డారు. మన దేశంలో జర్నలిస్టులు, హక్కుల కార్యకర్తలు ఉన్నారు అందులో. ఒక్కటి గమనించండి: అక్కడ కాల్ ఎత్తకపోయినా అది ఫోన్‌లోకి దూరింది. ఎత్తడమే ప్రమాదం అనుకోవడానికి అది ఉదాహరణ కాదు. ఆ లోపాన్ని ఆ ఏడాది మే నెలలోనే అప్‌డేట్‌తో మూసేశారు. ఫోన్ అప్‌డేట్, వాట్సాప్ అప్‌డేట్ వాయిదా వేయొద్దని నేను అందరి వెంటా పడేది అందుకే.

అయితే వాళ్లు ఎందుకు చేస్తారు? చిన్నమ్మకి వచ్చినలాంటి కాల్స్‌కి జపాన్‌లో వాన్‌గిరి అని పేరు. ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేయడం అని అర్థం. "ఎవరో ఏమో" అని మీరే తిరిగి చేయాలి, అదే వాళ్లకి కావాల్సింది. +216 అంటే ట్యునీషియా. ఆ కాల్‌కి నిమిషానికి పడే భారీ చార్జీలో మోసగాడికి వాటా వెళ్తుంది. కాబట్టి తిరిగి చేయొద్దు. చేసేసి ఉంటే బ్యాలెన్స్ చూసుకోండి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు చూసుకోండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న అమ్మానాన్నలకి ఇంకో మాట. +1 అమెరికాకి మాత్రమే చెందిన కోడ్ కాదు. కెనడా, జమైకా, డొమినికన్ రిపబ్లిక్ కూడా అదే కోడ్‌లో ఉన్నాయి. +1 తర్వాత 876 వస్తే జమైకా, 809 వస్తే డొమినికన్ రిపబ్లిక్.

నాకు ఎక్కువ భయం మాట్లాడే కాల్స్ అంటేనే. "రెండు గంటల్లో మీ నంబర్ ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి" అంటారు. నొక్కితే ఫోన్ పాడవదు, కానీ లైన్ మోసగాడికి కలుస్తుంది. ఇంకో రకం, పోలీసు ఫొటో పెట్టుకుని +92 నంబర్ నుంచి వాట్సాప్ కాల్. "మీ అబ్బాయి కేసులో దొరికాడు" అంటారు, వెనక ఎవరో ఏడుస్తుంటారు. కన్నవాళ్లకి అది వింటే కాళ్లూ చేతులూ ఆడవు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: ఆ కాల్ కట్ చేసి, మీ ఫోన్‌లో సేవ్ చేసి ఉన్న నంబర్‌కి మీ అబ్బాయికే ఫోన్ చేయండి. డిజిటల్ అరెస్ట్, అంటే ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో అరెస్ట్ చేశామనడం, మన చట్టంలో లేనే లేదు.

+91 కనిపించిందని కూడా నమ్మేయలేం. విదేశం నుంచి చేస్తూ మన నంబర్ చూపించే కాల్స్‌ని ఆపడానికి కేంద్రం 2024 అక్టోబర్ 22న ఒక వ్యవస్థ ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్‌ని పట్టి ఆపింది.

ఇక మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న: ఎత్తాక నేనేం చేశాను? హలో అని పెట్టేస్తే నంబర్ బ్లాక్ చేసి పడుకోండి.

(తెర మీద: *#21# మరియు ##002#)

వాళ్లు చెప్పిన ఏదైనా కోడ్ డయల్ చేశారా? ముఖ్యంగా *21*తో మొదలయ్యేది? అయితే మీ కాల్స్ వాళ్లకి ఫార్వర్డ్ అవుతుండొచ్చు, ఓటీపీ చెప్పే కాల్ కూడా అటే పోతుంది. *#21# కొట్టి చూడండి, ##002# కొడితే ఫార్వర్డింగ్ మొత్తం రద్దవుతుంది. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టుకోండి.

వాళ్లు పంపిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే యాప్ ఫైల్) ఇన్‌స్టాల్ చేశారా, స్క్రీన్ షేర్ చేశారా? వెంటనే ఇంటర్నెట్ ఆపేయండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. ఆ తర్వాత యాప్ తీసేయండి. అనుమానం పోకపోతే, ఫొటోలు దాచుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే ఆ డబ్బు చాలా ఖాతాలు మారిపోతుంది. డబ్బు పోకపోయినా కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథిలో ఉన్న చక్షు అనే ఫిర్యాదుల విభాగంలో ఆ నంబర్ మీద ఫిర్యాదు చేయొచ్చు.

అవతలి గొంతు తెలుగులో మాట్లాడినా ఆశ్చర్యపోకండి. ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లని కంబోడియాకి పంపి, అక్కడ బలవంతంగా ఇలాంటి మోసాలు చేయిస్తున్న ముఠాని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. మీ ఇంట్లో ఎవరికైనా "కంబోడియాలో డేటా ఎంట్రీ, మంచి జీతం" అని ఆఫర్ వస్తే ఏజెంట్‌కి రూపాయి కట్టే ముందు పోలీసుల్ని అడగండి.

మూడో రోజు చిన్నమ్మ చేత ఫోన్ ఆన్ చేయించాం. తమ్ముడివి పదిహేడు మిస్డ్ కాల్స్ వచ్చి ఉన్నాయి. వాడి దుబాయ్ నంబర్లు రెండూ, వాడి రూమ్మేట్ నంబర్ కూడా పేర్లతో సేవ్ చేశాం. వాట్సాప్ ప్రైవసీలో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టాం. ఆ కాల్స్ లిస్ట్‌లో కనిపిస్తాయి కాబట్టి అవసరమైనది తప్పిపోదు. మామూలు కాల్స్‌కి అలా పెట్టలేదు కనుక, పేరు కనిపించకపోతే మోగనిచ్చి వదిలేస్తానని చిన్నమ్మ అంది. పక్కింటావిడకి ఈ వీడియో తనే చూపిస్తానంది.